పిల్లలతో క్రిస్మస్ బొమ్మలు: ఓవెన్ లేకుండా, వచ్చే ఏడాదికీ నిలిచేలా ఎలా చేయాలి?

కాజీపేట టీచర్ | నవంబర్ 27, రాత్రి 9:12

అందరికీ వందనాలు. మా సంఘంలో సండే స్కూల్ పిల్లలు పాతికమంది దాకా ఉన్నారు. నాలుగేళ్ల చిన్నోళ్ల నుంచి పన్నెండేళ్ల వాళ్ల వరకు. ఈసారి చెట్టుకు బజారు నుంచి ప్లాస్టిక్ బంతులు తేకుండా పిల్లల చేతనే బొమ్మలు చేయించి కట్టాలనుకున్నాం. నక్షత్రాలు, గంటలు, దేవదూతలు, గొర్రెపిల్లలు. కుదిరితే పశువుల పాకలోకి బొమ్మలు కూడా వాళ్లే చేయాలి.

మా దగ్గర ఓవెన్ లేదు, నీడకో ఎండకో ఆరేదే కావాలి. చెట్టు అంటే మాకు సర్వి కొమ్మే, బరువు మోయదు. అన్నిటికంటే ముఖ్యంగా వానాకాలం దాటి వచ్చే క్రిస్మస్ దాకా నిలవాలి. తను చేసిన నక్షత్రాన్ని పిల్ల మళ్లీ ఏడు డబ్బాలోంచి తీసి తనే కట్టుకోవాలని నా కోరిక. వీడియోలు చూస్తే అందరూ ఓవెన్‌లో పెట్టమనే చెబుతున్నారు. మన దిక్కు చేసి చూసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

హన్మకొండ వదిన | నవంబర్ 27, రాత్రి 9:48

టీచర్ గారూ, మొదటిసారి అయితే ఉప్పుపిండితో మొదలుపెట్టండి. రెండు కప్పుల మైదా, ఒక కప్పు ఉప్పు, ఒక కప్పు లోపు నీళ్లు. నీళ్లు ఒకేసారి పోయొద్దు. ముప్పావు కప్పు పోసి కలిపి, చాలకపోతేనే ఇంకొంచెం. చపాతీ పిండి కంటే గట్టిగా రావాలి. పది నిమిషాలన్నా పిసకాలి, ఆ పని పదేళ్లు దాటిన వాళ్లకు అప్పజెప్పండి, ఇష్టంగా చేస్తారు. దొడ్డుప్పు ఉంటే మిక్సీలో మెత్తగా పట్టండి. లేకపోతే బొమ్మ మీద పలుకులు తేలి రంగు సరిగ్గా పట్టదు.

మందం దగ్గర జాగ్రత్త. అర సెంటీమీటరు దాటితే లోపల ఆరదు, బాగా పలుచనైతే అంచులు లేస్తాయి. పిండికి అటో స్కేలు, ఇటో స్కేలు పెట్టి వాటి మీదుగా చపాతీ కర్ర నడిపిస్తే పిల్లల చేతిలో కూడా మందం ఒక్క తీరుగా వస్తుంది.

కట్టర్లు కొనాల్సిన పని లేదు. స్టీలు గ్లాసు అంచు, పాత గాజు, సీసా మూత చాలు. నక్షత్రానికి అట్ట కోసి పిండి మీద పెట్టి టూత్‌పిక్‌తో చుట్టూ గీస్తే సరి. దారం కోసం రంధ్రం తడి మీదే స్ట్రాతో పెట్టాలి, అంచుకు మరీ దగ్గరగా పెడితే తెగిపోతుంది. వెనకవైపు పిల్ల పేరు, సంవత్సరం అప్పుడే గీయించండి. ఆరిన తర్వాత గీయబోతే పగులుతుంది.

మొదటి రోజు ఎండ చూపించొద్దు. పైభాగం ముందే ఆరి కింద తడి ఉండిపోతే బొమ్మ వంకర తిరుగుతుంది. ఒక రోజు ఫ్యాన్ కింద పలుచటి బట్ట మీద పెట్టి, మర్నాటి నుంచి ఎండలో పెట్టండి. పొద్దున, సాయంత్రం తిరగేయాలి. చీకటి పడేలోపు లోపలికి తెచ్చేయండి, మంచు పడితే మళ్లీ మెత్తబడతాయి. డిసెంబర్‌లో మన దగ్గర గాలి పొడిగా ఉంటుంది కాబట్టి మూడు నాలుగు రోజుల్లో గట్టిపడతాయి.

జనగామ నాన్న | నవంబర్ 27, రాత్రి 10:20

వదినా, మేడ మీద ఎండబెడితే కోతుల సంగతేంటి? మా వీధిలో వడియాలే మిగలనివ్వవు. ఇంకో మాట, మా ఇంట్లో కుక్కపిల్ల ఉంది. నేల మీద ఏది పడినా నోట్లో పెట్టుకుంటది.

హన్మకొండ వదిన | నవంబర్ 27, రాత్రి 10:31

కోతులకు దోమతెరలు, జల్లెడలు ఆగవన్నా. గ్రిల్ ఉన్న బాల్కనీలోనో, దక్షిణం వైపు కిటికీ లోపలో పెట్టుకోవాలి. ఎండ మూడు గంటలు తగిలినా చాలు, మిగతాది ఫ్యాన్ చూసుకుంటది.

మానుకోట నర్స్ | నవంబర్ 28, ఉదయం 6:15

కుక్క ఉన్నవాళ్లు ఉప్పుపిండి జోలికి పోకపోవడమే మంచిది. ఇది మామూలుగా చెప్పి వదిలేసే మాట కాదు. పిండిలో మూడో వంతు ఉప్పే కాబట్టి చిన్న కుక్క కొంచెం తిన్నా రక్తంలో సోడియం ఒక్కసారిగా పెరుగుతుంది. వాంతులు, వణుకు, ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. చెట్టుకు కట్టిన ఎండిన బొమ్మ కూడా అంతే ప్రమాదం. కట్టేటప్పుడు కుక్కకు అందని ఎత్తులో కట్టండి. తిన్నదని తెలిస్తే ఇంటి వైద్యం చేయకుండా వెంటనే పశువుల డాక్టర్ దగ్గరికి తీసుకుపోండి.

పిల్లలకు కూడా ముందే చెప్పాలి. నాలుగేళ్ల వాళ్లు రుచి చూస్తారు, ఒకసారి నాలుకకు తగిలితే ఉప్పదనానికి ఉమ్మేస్తారు, అంతవరకు భయం లేదు. ముద్దలు మింగకుండా పక్కన పెద్దవాళ్లు ఒకరు ఉండాలి. పచ్చి మైదా కూడా తినకూడదు. చేతి మీద గీతలు, గోటి పుండ్లు ఉన్న పిల్లలకు ఉప్పు మంట పెడుతుంది. వాళ్లకు పిసికే పని ఇవ్వకుండా రంగుల పని ఇవ్వండి. అయ్యాక అందరికీ చేతులు కడిగించి కొబ్బరినూనె రాయండి.

ఫిజిక్స్ సార్, కరీంనగర్ | నవంబర్ 28, ఉదయం 8:02

టీచర్ గారు అడిగిన వానాకాలం ప్రశ్నకు వద్దాం. ఉప్పు గాలిలోని తేమను లాక్కుంటుంది. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా మన ఇండ్లలో ఉప్పు డబ్బా ఎలా నీరుగారుతుందో ఉప్పుపిండి బొమ్మలూ అలాగే చెమ్మ పడతాయి. వార్నిష్ లేకపోతే ఆగస్టుకల్లా మెత్తబడి, బరువుకు రంధ్రం దగ్గర సాగి తెగుతాయి. ఇనుప తీగతో కట్టి ఉంటే తీగ తుప్పు పట్టి బొమ్మ మీద మరక దిగుతుంది. దారమే వాడండి.

ఏడాది నిలవాలంటే నేను వంట సోడా ముద్ద చెబుతాను. రెండు కప్పుల వంట సోడా, ఒక కప్పు కార్న్‌ఫ్లోర్, ఒకటింపావు కప్పు నీళ్లు. గిన్నెలో చల్లగా ఉన్నప్పుడే ఉండలు లేకుండా కలిపి, సన్న మంట మీద తిప్పుతూ ఉండాలి. ముందు పలుచగా పాలలా ఉండి, తర్వాత ఒక్కసారిగా చిక్కబడి గరిటెకు ముద్ద కడుతుంది. అప్పుడే దించేయాలి. ఇంకా ఉంచితే పొడిబారి పగుళ్లు వస్తాయి. పళ్లెంలో వేసి తడి బట్ట కప్పి, గోరువెచ్చగా అయ్యాక పిసకాలి. బేకింగ్ పౌడర్ వేరు, వంట సోడా వేరు. పొరపాటున పౌడర్ వేస్తే పొంగుతుంది.

ఇది తెల్లగా, పలుకు లేకుండా ఆరుతుంది. ఆకు ఒత్తితే ఈనెలు కూడా దిగుతాయి. ఉప్పులా నీరుగారదు. కింద పడితే మాత్రం పుటుక్కున విరుగుతుంది. ఇది కూడా ఎక్కువ తింటే మంచిది కాదు, కుక్కల విషయంలో నర్స్ గారి మాటే దీనికీ వర్తిస్తుంది.

పిల్లలకు ఒక సరదా చూపించండి. ఈ ముద్దలో పసుపు కలిపితే పసుపు రంగు రాదు, ఎర్రటి గోధుమ రంగుకు తిరుగుతుంది. సోడా క్షారం కదా. అదే పసుపు ఉప్పుపిండిలో కలిపితే పసుపుగానే ఉంటుంది. రెండు ముద్దలు పక్కపక్కన పెట్టి కలిపించండి, పిల్లలు నోరు తెరుచుకొని చూస్తారు.

కుమ్మరి ఇంటి పిల్లగాడు, పరకాల | నవంబర్ 28, మధ్యాహ్నం 1:40

బొమ్మల గురించి ఇంతమంది మాట్లాడుతున్నారు, అసలు మట్టి పేరు ఎవరూ ఎత్తలేదు. మన దగ్గర చెరువులకు కొదవ లేదు. పిల్లలకు వినాయక చవితికి మట్టి పిసకడం అలవాటే.

అయితే ఏ మట్టి అన్నది చూసుకోవాలి. పత్తి చేలల్లోని నల్లరేగడి తేవద్దు. నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది, బొమ్మ నిలువునా నెర్రెలిస్తుంది. చెరువు ఒండ్రు మట్టి తెచ్చి ముందు బాగా ఎండబెట్టాలి. తర్వాత పొడి కొట్టి, రాళ్లు, వేర్లు ఏరి, రాత్రంతా నానబెట్టి, పలుచగా కలిపి పాత చీర గుడ్డలో వడకట్టాలి. కిందికి పేరుకున్న ముద్దలో సన్న ఇసుక కొంచెం కలిపి తొక్కాలి. ఇసుక లేకపోతే పగుళ్లు ఆపలేం. అంత పని ఎందుకనుకుంటే దగ్గర్లో సారె తిప్పే ఇల్లు ఉంటే అడగండి, తొక్కి సిద్ధంగా ఉన్న మట్టే ఇస్తారు. డబ్బు ఇచ్చే తీసుకోండి, ఆ మట్టి వెనక చాలా కష్టం ఉంటుంది.

ముక్కకు ముక్క అతికించేటప్పుడు రెండు వైపులా గీతలు గీసి, పలుచటి మట్టి పూసి నొక్కాలి. ఉత్తగా అతికిస్తే దేవదూత రెక్కలు ఆరగానే ఊడి పడతాయి. నీడలోనే ఆరాలి. ఆరిందా లేదా అన్నది చెంపకు ఆనించి చూస్తే తెలుస్తుంది. చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టు.

కాల్చని మట్టి బొమ్మ మీద నీళ్లు పడితే మళ్లీ మట్టే. ఓవెన్‌లో పెట్టినా అది ఆరుతుంది తప్ప కాలదు. మట్టి పెంకుగా మారాలంటే వేడి 600 డిగ్రీలు దాటాలి, అది కుండలు కాల్చే ఆములోనే అవుతుంది. మా నాన్న కుండల ఆము పేర్చేటప్పుడు సందుల్లో పిల్లల బొమ్మలు పెట్టేవాడు. మీ దగ్గర ఆము వేసేవాళ్లు ఉంటే సంక్రాంతి కుండలతో పాటు పెట్టమని అడగండి. క్రిస్మస్‌కు అందకపోతే ఈ ఏడు పచ్చిగానే కట్టి, తర్వాత కాల్పించుకోవచ్చు. రంగులు వేసే పని మాత్రం కాల్చిన తర్వాతే.

కాజీపేట టీచర్ | నవంబర్ 28, రాత్రి 8:55

ఒక్కరోజులో ఇంత చెప్పారు, అందరికీ ధన్యవాదాలు. తమ్ముడూ, నీ మాట నాకు బాగా నచ్చింది. కానీ కాల్చిన మట్టి బరువు సర్వి కొమ్మ మోస్తుందా? పశువుల పాకలో బొమ్మలైతే కింద కూర్చుంటాయి కాబట్టి ఇబ్బంది లేదు, చెట్టుకు కట్టేవే నా దిగులు.

కుమ్మరి ఇంటి పిల్లగాడు, పరకాల | నవంబర్ 28, రాత్రి 9:30

బరువు తగ్గించే దారి ఉందక్కా. మట్టిలో మెత్తగా జల్లించిన రంపపు పొట్టుగానీ వరి ఊక పొడిగానీ కలిపితే, ఆములో ఆ పొట్టు కాలిపోయి దాని జాగాలో గుల్ల మిగులుతుంది. బొమ్మ తేలికవుతుంది. ఎక్కువ కలిపితే చిటుక్కున విరుగుతుంది కాబట్టి ఐదో వంతు దాటొద్దు. మన రామప్ప గుడి విమానానికి నీళ్లలో తేలే ఇటుకలు వాడారు కదా, అవీ గుల్ల ఇటుకలే. కప్పు మీద బరువు తగ్గించడానికే 1213లో కట్టిన గుడికి అంత ఆలోచన చేశారు. పిల్లలకు ఈ సంగతి చెప్పి మట్టి కలిపించండి.

మీకు ఈ నెలలోనే కావాలంటే మాత్రం మట్టి బొమ్మలు పాకలో పెట్టండి. చెట్టుకు వేరేది చూసుకోండి.

చింతగింజ, సిద్దిపేట | నవంబర్ 28, రాత్రి 10:05

చెట్టుకు నేను చెబుతాను. చేర్యాల ముఖాలు, అదే మాస్కులు, చూశారా? ఆ ఊరు ఇప్పుడు మా సిద్దిపేట జిల్లాలో ఉంది కానీ 2016 దాకా మీ వరంగల్ జిల్లాలోదే. అక్కడ బట్ట మీద కథల పటాలు గీసే నకాషీ కళాకారులు రంపపు పొట్టులో చింతగింజల జిగురు కలిపి ముఖాలు, బొమ్మలు చేస్తారు. చేతిలో పట్టుకుంటే బరువే తెలియదు. ఓవెన్ అక్కర్లేదు, ఉప్పు లేదు, అన్నీ మన దగ్గర దొరికేవే.

చింతగింజలు వేయించి పైపొట్టు తీసేసి, రాత్రంతా నానబెట్టి మెత్తగా రుబ్బాలి. నీళ్లు పోసి సన్న మంట మీద ఉడికిస్తే జిగురు అవుతుంది. అది చల్లారాక, బాగా జల్లించిన మెత్తటి రంపపు పొట్టు కొద్దికొద్దిగా వేస్తూ ముద్ద చేయాలి. జల్లెడ పట్టే పని పెద్దవాళ్లే బయట చేసుకుని రావాలి, ఆ దుమ్ము పిల్లలు పీల్చొద్దు. టేకు పొట్టు, ప్లైవుడ్ పొట్టు తీసుకోవద్దు, మామూలు తేలిక కర్ర పొట్టు అడగండి. ముద్దను నూనె రాసిన గరిజెల అచ్చులో వత్తితే సగం చందమామ వస్తుంది. అట్ట మీద పరిచి కోస్తే ఏ ఆకారమైనా వస్తుంది.

ఆరిన తర్వాత సుద్ద పొడిలో అదే జిగురు కలిపి రెండు పూతలు వేయాలి. నున్నగా తెల్లగా అవుతుంది, రంగులు దాని మీద ఎంత బాగా నిలబడతాయో చూడండి. చేర్యాల నకాషీ పటాల్లో వెనకంతా ఎరుపే కనిపిస్తుంది. ఆ ఎరుపు మీద పసుపు నక్షత్రం గీయిస్తే క్రిస్మస్‌కు వేరే అలంకారం అక్కర్లేదు. మన నేల మీది పని మన పిల్లల చేతికి రావడానికి ఇంతకంటే మంచి సందర్భం ఏముంటుంది?

ఫిజిక్స్ సార్, కరీంనగర్ | నవంబర్ 29, ఉదయం 7:20

చింతగింజ గారి పద్ధతి నాకంటే బాగుంది, ఒప్పుకుంటాను. కింద పడినా విరగదు. ఒక్క జాగ్రత్త, జిగురు తిండి వస్తువే కాబట్టి పురుగు పట్టే అవకాశం ఉంది. సుద్ద, రంగు, వార్నిష్ అన్ని వైపులా, రంధ్రం లోపల కూడా పడాలి. ఆ జిగురు ఉత్తగా రెండో రోజుకే పులుస్తుంది, ఏ రోజుది ఆ రోజే వండుకోండి.

క్వైర్ అన్న, హుజూరాబాద్ | నవంబర్ 29, ఉదయం 10:44

నాదొక మాట. చర్చిలో అందరూ చూసే చెట్టు కదా. పిల్లలు చేసినవి వంకరటింకరగా ఉంటే పెద్దవాళ్లు ఒకసారి సరిచేసి, రంగులు నీట్‌గా దిద్ది కడితే పండుగకు అందంగా ఉంటుంది. మా దగ్గర అలాగే చేస్తారు.

ఇద్దరు పిల్లల అమ్మ, మంచిర్యాల | నవంబర్ 29, ఉదయం 11:15

అన్నా, మీ మాటకు నేను ఒప్పుకోను. మా చిన్నది చేసిన గొర్రెపిల్లకు ఐదు కాళ్లు వచ్చాయి. ఒక టీచర్ మంచి మనసుతోనే ఒక కాలు తీసేసి నున్నగా చేసి ఇచ్చారు. చెట్టు ముందు నిలబెట్టి నీది ఏదని అడిగితే చూపించలేకపోయింది. ఇది నాది కాదమ్మా అన్నది. ఆ పిల్ల మొహం చూస్తే నాకు కడుపు తరుక్కుపోయింది. చెట్టు అందం కోసం పిల్లల చేయి చెరిపేయకండి. పశువుల పాకలో పుట్టిన ప్రభువు పండుగకు వంకర నక్షత్రం కడితే తక్కువేమీ కాదు.

పెద్దవాళ్లు చేయాల్సినవి వేరే ఉన్నాయి. వయసును బట్టి పని పంచండి. నాలుగైదేళ్ల వాళ్లకు బొటనవేలి ముద్ర చాలు. గుండ్రటి బిళ్ల మీద ఐదు వేలిముద్రలు చుట్టూ ఒత్తితే నక్షత్రం అవుతుంది. లేదా తంగేడు ఆకో, వేపాకో ఒత్తించండి. ఆరేడేళ్ల వాళ్లు గ్లాసుతో, అట్టతో కోయగలరు. పెద్ద పిల్లలకు బొమ్మలు చేసే పని ఇవ్వండి. మురుకుల గొట్టంలో ముద్ద వేసి నొక్కితే సన్నటి తీగలు వస్తాయి, వాటిని గొర్రెపిల్ల ఒంటి మీద అతికిస్తే ఉన్నిలా ఉంటుంది. ఆ గొట్టం మళ్లీ పిండివంటకు వాడొద్దు, పాతది పక్కకు పెట్టుకోండి. ఒక్కొక్కరు రెండు చేయాలి. ఒకటి చర్చి చెట్టుకు, ఒకటి ఇంటికి. లేకపోతే సాయంత్రం ఏడుపులు తప్పవు.

క్వైర్ అన్న, హుజూరాబాద్ | నవంబర్ 29, మధ్యాహ్నం 12:02

అమ్మా, మీ పాప సంగతి విని బాధేసింది. ఆ వైపు నుంచి నేను ఆలోచించలేదు. ఈసారి మా దగ్గర కమిటీతో మాట్లాడతాను, పిల్లలవి పిల్లలవిగానే కట్టిస్తాను.

డోర్నకల్ చెల్లి | నవంబర్ 29, సాయంత్రం 5:36

ఆకారాల గురించి చెప్పాలనిపించింది. ఎక్కడ చూసినా మంచు మనిషి, జింక బండి, శాంతా టోపీ. మన పిల్లలు మంచు చూసిందెక్కడ? మా డోర్నకల్ కతీడ్రల్‌కు తీసుకొచ్చి ఒకసారి చూపించండి. బిషప్ అజరయ్య గారు కట్టించిన ఆ గుడిలో గుమ్మటాలు మసీదును, స్తంభాలు మన దేవాలయాలను తలపిస్తాయి. 1939లో ప్రతిష్ఠించారు. అక్కడ కూర్చోబెట్టి కాగితం మీద గీయించి, ఇంటికొచ్చాక ముద్దలో చేయించొచ్చు. మీకు దగ్గర్లోనే ఫాతిమా నగర్ కతీడ్రల్ ఉంది, కాకతీయ తోరణం ఉంది. తోరణం కింద మరియమ్మ, యోసేపు నిలబడితే ఎంత బాగుంటుంది! ఒంటెలు చేయడం కష్టమైతే తూర్పు జ్ఞానులను ఎడ్లబండి మీద రానివ్వండి.

మా గుడి పేరే ఎపిఫనీ. జ్ఞానులు నక్షత్రాన్ని చూసి వచ్చిన పండుగ, జనవరి 6. అందుకని మేము చెట్టును 26న విప్పం. ఆ రోజు దాకా ఉంచుతాం. పిల్లలు అన్ని రోజులు కష్టపడి చేసినవి కదా, వారం పది రోజులన్నా చూసుకోనివ్వాలి.

నక్షత్రం గురించి పిల్లలకు చెప్పడానికి ఒక మంచి కథ ఉంది. మొరావియన్ నక్షత్రం అని కోణాలు కోణాలుగా ఉంటుంది కదా, అది 1830ల్లో జర్మనీలోని నీస్కీ అనే ఊరి బడిలో పిల్లలు జామెట్రీ పాఠంగా చేసిందే. పిల్లల చేతి పని ప్రపంచమంతా వేలాడుతోంది.

కాజీపేట టీచర్ | నవంబర్ 30, రాత్రి 9:20

అందరి మాటలు కాగితం మీద రాసుకున్నాను. మా ప్లాన్ ఇది. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక చిన్నోళ్లకు వంట సోడా ముద్ద. పసుపు సంగతి కూడా అప్పుడే చూపిస్తాను. పెద్దోళ్లకు చింతగింజల జిగురు, రంపపు పొట్టు. గింజలు శనివారం నానబెట్టి, జిగురు ఆదివారం పొద్దున్నే నేనే వండుతాను. పాకలోకి మట్టి బొమ్మలు, మట్టి కోసం రేపు కుమ్మరివాడకు పోతున్నాం. ఉప్పుపిండి ఈసారి వద్దనుకున్నాం, చాలా ఇండ్లలో కుక్కలున్నాయి. ఇంటికి పంపే రెండో బొమ్మ సోడాది కాకుండా పొట్టుదే అయ్యేలా చూస్తాను. ఎవరి బొమ్మనూ దిద్దం.

దాచడం గురించి ఇంకొంచెం చెప్పండి. మా చర్చి స్టోర్ రూమ్ గోడలు వానాకాలంలో చెమ్మగిల్లుతాయి.

హన్మకొండ వదిన | నవంబర్ 30, రాత్రి 9:52

ఆ గదిలో పెట్టనే వద్దు. వార్నిష్ పూర్తిగా ఆరాక, తడి వాసన పోయాక, ఒక్కో బొమ్మకు న్యూస్ పేపర్ చుట్టి మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో పేర్చండి. చెప్పుల డబ్బాల్లో, మందు సీసాల్లో వచ్చే సిలికా జెల్ ప్యాకెట్లు ఏడాదంతా పోగేసి అందులో వేయండి, పిల్లల చేతికి మాత్రం ఇవ్వొద్దు. డబ్బా నేల మీద కాకుండా, గోడకు ఆనకుండా ఎత్తున పెట్టాలి. దసరా సెలవుల్లో ఒకసారి తీసి ఎండ చూపిస్తే చాలు. బరువైన మట్టి బొమ్మలు వేరే డబ్బాలో. వార్నిష్ మాత్రం పిల్లలు ఇండ్లకు పోయాక, కిటికీలు తీసి పెద్దవాళ్లే వేయండి.

చింతగింజ, సిద్దిపేట | నవంబర్ 30, రాత్రి 10:10

టీచర్ గారూ, పాతికమందికి జిగురంటే చింతగింజలు కిలో అయినా కావాలి. వేయించి పొట్టు తీయడానికే సగం రోజు పడుతుంది, మొదటిసారి ఒక్కరే పెట్టుకోకండి. సంఘంలో అమ్మలను ఇద్దరిని తోడు పిలుచుకోండి. సుద్ద మీకు దొరకకపోతే చెప్పండి, చేర్యాల పోయినప్పుడు తెచ్చి కాజీపేట వచ్చే మా వాళ్లతో పంపిస్తాను.

కాజీపేట టీచర్ | నవంబర్ 30, రాత్రి 10:18

తప్పకుండా పంపండి అక్కా, రెండు కిలోలు. డబ్బులు వాళ్ల చేతికే ఇస్తాను.